గురుగ్రహం గ్రహశకలాల, తోకచుక్కల దారిని ఎలా మారుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

భూమికి దగ్గరగా తిరిగే గ్రహశకలాల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవి కావు. కొన్నేళ్లకోసారి తిరిగొచ్చే తోకచుక్కల్లో చాలావాటికి ఇప్పుడున్న కక్ష్య మొదటి నుంచీ ఉన్నది కాదు. వాటిని ఇటు మళ్లించింది ఎక్కువసార్లు గురుగ్రహమే. ఈ విషయం గురించి పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. దూరాలు చెప్పేటప్పుడు భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరాన్ని, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లను, ఒక ఖగోళ ప్రమాణంగా తీసుకున్నాను. ఆ లెక్కన గురుగ్రహం సూర్యుడి నుంచి 5.2 ప్రమాణాల దూరంలో ఉంది.

సూర్యుడు ఉండగా గురుగ్రహం లాగితే ఎంత, లాగకపోతే ఎంత?

గురుగ్రహం ద్రవ్యరాశి భూమికి 318 రెట్లు. మిగతా ఏడు గ్రహాలను కలిపినా దానిలో సగానికి రావు. అయినా సూర్యుడితో పోలిస్తే అది 1,047వ వంతే. కాబట్టి దారులు గీసేది సూర్యుడు, వాటిని దిద్దేది గురుగ్రహం.

ఆ దిద్దడం రెండు రకాలుగా జరుగుతుంది. చిన్న వస్తువు గ్రహానికి బాగా దగ్గరగా వెళ్తే ఒక్క దెబ్బతో దారి మారిపోతుంది. గురుగ్రహం చుట్టూ సుమారు 5.3 కోట్ల కిలోమీటర్ల వరకు దాని పెత్తనం నడుస్తుంది. ఆ పరిధిని హిల్ గోళం అంటారు. సూర్యుడు పక్కకు లాగుతున్నా ఉపగ్రహాలను తన వెంట నిలుపుకోగల శక్తి గ్రహానికి ఆ మేరకే ఉంటుంది. రెండో రకంలో వస్తువు ఎప్పుడూ దగ్గరికి రాదు. దూరం నుంచే చిన్న లాగుడు, కానీ ఒకే చోట, ఒకే దిశలో, లక్షల ఏళ్లపాటు మళ్లీ మళ్లీ పడుతుంది. మొదటిది తోకచుక్కల కథ, రెండోది ఎక్కువగా గ్రహశకలాల కథ. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లనే ఈ విషయంలో సగం అపోహలు పుట్టాయని నా అభిప్రాయం.

దగ్గరగా వెళ్తే దారి ఎంత వంగుతుంది?

అది రెండు విషయాలను బట్టి ఉంటుంది: ఎంత దగ్గరగా దాటింది, ఎంత వేగంగా దాటింది. ఒక రాయి గురుగ్రహంతో పోలిస్తే సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. గ్రహ కేంద్రానికి కోటి కిలోమీటర్ల దూరం నుంచి దాటితే దాని దారి 13 డిగ్రీల దాకా వంగుతుంది. 10 లక్షల కిలోమీటర్ల నుంచి, అంటే గానిమీడ్ ఉపగ్రహం తిరిగే దూరానికి కాస్త లోపలి నుంచి దాటితే దాదాపు 68 డిగ్రీలు వంగుతుంది. అదే 10 లక్షల కిలోమీటర్ల దూరంలో రాయి వేగం రెట్టింపైతే, అంటే సెకనుకు 20 కిలోమీటర్లైతే, వంపు 28 డిగ్రీలకు పడిపోతుంది. తొందరగా వెళ్లిపోయే వస్తువును లాగడానికి గ్రహానికి తగినంత సమయం దొరకదు.

వంగితే దిశ మారాలి గానీ, వేగం ఎందుకు మారుతుంది?

చాలామంది ఇక్కడే తికమకపడతారు. అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను.

గురుగ్రహం మీద నిలబడి చూస్తే రాయి ఎంత వేగంతో వచ్చిందో అంతే వేగంతో వెళ్లిపోతుంది. గ్రహం వైపు పడుతున్నప్పుడు పెరిగిన వేగమంతా దూరంగా వెళ్తున్నప్పుడు తగ్గిపోతుంది. మారేది దిశ ఒక్కటే. కానీ గురుగ్రహం కదలకుండా కూర్చోలేదు. సెకనుకు 13 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ పరుగెడుతోంది. సూర్యుడి వైపు నుంచి చూస్తే రాయి వేగంలో ఈ 13 కిలోమీటర్లు కూడా కలిసి ఉంటాయి. అవి కలిసే దిశను బట్టి మొత్తం మారిపోతుంది.

పై ఉదాహరణలోని రాయినే తీసుకుందాం. గ్రహాన్ని దాటాక దాని 10 కిలోమీటర్ల వేగం గ్రహం వెళ్లే దిశకే తిరిగితే, సూర్యుడి లెక్కలో 13కు 10 కలిసి సెకనుకు 23 కిలోమీటర్లు అవుతుంది. ఆ దూరంలో సూర్యుడి పట్టు నుంచి శాశ్వతంగా తప్పించుకోవడానికి 18.5 కిలోమీటర్లు చాలు. అంటే ఆ రాయి సౌరకుటుంబం దాటి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు. అదే 10 కిలోమీటర్లు సరిగ్గా ఎదురు దిశకు తిరిగితే మిగిలేది సెకనుకు 3 కిలోమీటర్లే. అంత తక్కువ వేగంతో అది గురుగ్రహం దూరంలో నిలవలేదు, సూర్యుడి వైపు పడుతుంది. లెక్క వేస్తే దాని కొత్త కక్ష్య సూర్యుడికి 0.14 ప్రమాణాల దగ్గరికి, అంటే బుధుడి కక్ష్యకన్నా చాలా లోపలికి వస్తుంది. వచ్చేటప్పుడు వేగం ఒకటే, గ్రహం కూడా ఒకటే. ఏ పక్క నుంచి దాటిందన్న ఒక్క తేడాతో ఒకటి నక్షత్రాల మధ్యకు వెళ్తుంది, మరొకటి సూర్యుడి ముంగిట్లోకి వస్తుంది.

గుర్తుంచుకోవడానికి ఒక సూత్రం: గ్రహం వెనుక నుంచి దాటిన వస్తువు వేగం పుంజుకుంటుంది, ముందు నుంచి దాటినది వేగం కోల్పోతుంది.

మరి గురుగ్రహం వేగం తగ్గదా?

తగ్గుతుంది. రాయికి వచ్చిన శక్తి గ్రహం కక్ష్య నుంచి తీసుకున్నదే. కిలోమీటరు వెడల్పున్న గ్రహశకలం ద్రవ్యరాశి స్థూలంగా లక్ష కోట్ల కిలోలు. గురుగ్రహం అంతకు కోటి కోట్ల రెట్లకు మించి పెద్దది. అందువల్ల దాని వేగంలో వచ్చే తేడా ఏ పరికరానికీ అందదు.

బరువైన గ్రహశకలం అయితే తక్కువ వంగుతుందా?

తక్కువ వంగుతుందని అనుకోవడం సహజమే కానీ నిజం కాదు. చిన్న గులకరాయి, 10 కిలోమీటర్ల కొండ ఒకే వేగంతో ఒకే చోటు నుంచి దాటితే ఒకేలా వంగుతాయి. గురుత్వాకర్షణలో చిన్న వస్తువు ద్రవ్యరాశి లెక్క నుంచి తొలగిపోతుంది.

ఒక్క దెబ్బతో దారి మారిన తోకచుక్క నిజంగా ఉందా?

చాలా ఉన్నాయి. అందరికన్నా ముందు చెప్పుకోవలసింది లెక్సెల్ తోకచుక్క గురించే.

1770 జూన్‌లో ఫ్రెంచ్ ఖగోళవేత్త చార్లెస్ మెస్సియే దాన్ని కనుక్కున్నాడు. జులై 1న అది భూమికి సుమారు 22 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి, అంటే చంద్రుడి దూరానికి ఆరు రెట్ల లోపు నుంచే దాటిపోయింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న అండర్స్ లెక్సెల్ దాని కక్ష్యను లెక్కకట్టి, 5.6 ఏళ్లకోసారి సూర్యుడిని చుట్టి వస్తుందని తేల్చాడు. అక్కడే చిక్కు వచ్చింది. ఇంత తరచుగా వచ్చే ప్రకాశవంతమైన తోకచుక్కను అంతకు ముందు ఎవరూ ఎందుకు చూడలేదు? లెక్సెల్ కక్ష్యను వెనక్కి నడిపించి చూశాడు. 1767లో అది గురుగ్రహానికి బాగా దగ్గరగా వెళ్లింది. అంతకు ముందు దాని దారి సూర్యుడికి చాలా దూరంలో ఉండేది, గురుగ్రహమే దాన్ని లోపలికి తోసింది. తర్వాత ముందుకు నడిపించి చూస్తే, తోకచుక్క రెండు చుట్లు తిరిగేసరికి గురుగ్రహం ఒక చుట్టు పూర్తి చేసి 1779లో మళ్లీ అదే చోట ఎదురవుతుందని తేలింది. 1776లో తోకచుక్క సూర్యుడి దగ్గరికి వచ్చినా భూమి నుంచి చూసే వీలు లేకపోయింది. 1779 తర్వాత దాన్ని ఎవరూ చూడలేదు.

తీసుకొచ్చిందీ, తీసుకుపోయిందీ ఒకే గ్రహం. మధ్యలో పన్నెండేళ్ల వ్యవధి. గురుత్వాకర్షణ గురించి ఇంతకన్నా చక్కని పాఠం ఆకాశంలో మరొకటి లేదని నేను నమ్ముతాను.

ఈ మధ్య కాలంలో ఇలాంటివి జరిగాయా?

రోసెట్టా వ్యోమనౌక 2014లో చేరుకున్న 67పీ చుర్యుమోవ్–గెరాసిమెంకో తోకచుక్కే ఒక ఉదాహరణ. 1959కి ముందు అది సూర్యుడికి 2.7 ప్రమాణాలకన్నా దగ్గరికి వచ్చేది కాదు. ఆ ఏడాది గురుగ్రహం పక్క నుంచి వెళ్లాక ఆ దూరం 1.3 ప్రమాణాలకు తగ్గింది. పదేళ్ల తర్వాత, 1969లో, దాన్ని కనుక్కున్నారు. గురుగ్రహం దాన్ని దగ్గరికి పంపకపోయి ఉంటే రోసెట్టా దించిన ఫిలే ల్యాండర్ దిగింది మరో తోకచుక్క మీద అయ్యుండేది.

ఒటెర్మా తోకచుక్కది దీనికి తలకిందుల కథ. ఫిన్లాండ్ ఖగోళవేత్త లీసీ ఒటెర్మా 1943లో దాన్ని కనుక్కున్నప్పుడు అది ఎనిమిదేళ్లకోసారి తిరిగేది. 1937లో గురుగ్రహం దగ్గర నుంచి వెళ్లడం వల్ల ఆ కక్ష్యలోకి వచ్చింది. 1963లో మళ్లీ దగ్గరగా వెళ్లి, గురుగ్రహం అవతల దాదాపు 19 ఏళ్ల కక్ష్యలోకి వెళ్లిపోయింది. ఇలా గురుగ్రహం కక్ష్యకు లోపలికీ బయటికీ మారుతూ ఉండే తోకచుక్కలు ఇంకా ఉన్నాయి.

1997లో నెలల తరబడి మామూలు కంటికే కనిపించిన హేల్–బాప్ కూడా ఈ జాబితాలోదే. సూర్యుడి వైపు వస్తూ 1996 ఏప్రిల్‌లో గురుగ్రహానికి 0.77 ప్రమాణాల దూరంలో దాటింది. అది పెద్ద దగ్గరేమీ కాదు. అయినా 4,200 ఏళ్ల కక్ష్య సుమారు 2,500 ఏళ్లకు కుదించుకుపోయింది. అంత పొడవైన కక్ష్యలో తిరిగే తోకచుక్క సూర్యుడికి లోబడి ఉన్నది నామమాత్రంగానే. కొద్దిపాటి వేగం తేడా వచ్చినా వేల ఏళ్ల మార్పు వస్తుంది.

దూరం నుంచి లాగితే తేడా కనిపించదు కదా?

కనిపిస్తుంది, 18వ శతాబ్దంలోనే కనిపించింది. హేలీ తోకచుక్క తిరిగి వస్తుందని ఎడ్మండ్ హేలీ చెప్పాడు గానీ, ఎప్పుడన్నది కచ్చితంగా తేల్చడానికి అలెక్సిస్ క్లెరో, జెరోమ్ లలాంద్, నికోల్–రెయిన్ లెపోట్ అనే ముగ్గురు నెలల తరబడి చేత్తో లెక్కలు వేశారు. గురుగ్రహం లాగుడు వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు, మొత్తం 618 రోజులు ఆలస్యమవుతుందని తేల్చారు. 1759 ఏప్రిల్ నడుమ తోకచుక్క సూర్యుడికి అతి దగ్గరగా వస్తుందని, ఒక నెల అటూ ఇటూ కావచ్చని ప్రకటించారు. అది మార్చి 13న వచ్చింది. లెపోట్ పేరు చాలా పుస్తకాల్లో కనిపించదు. ఆ లెక్కల్లో ఆమె వాటా పెద్దది. ఆ సంగతి చెప్పకుండా ఈ జవాబు ముగించలేను.

గ్రహశకలాల మధ్య ఖాళీలు ఎందుకున్నాయి?

అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య లక్షల గ్రహశకలాలు తిరుగుతున్నాయి. వాటి సగటు దూరాలను వరుసగా పేర్చి చూస్తే కొన్ని దూరాల దగ్గర దాదాపు ఏమీ ఉండవు: 2.5, 2.82, 2.95, 3.27 ప్రమాణాల దగ్గర. అమెరికన్ ఖగోళవేత్త డేనియల్ కిర్క్‌వుడ్ 1866లో ఈ సంగతి ప్రకటించాడు. అప్పటికి తెలిసిన గ్రహశకలాలు వందలోపే. అంత తక్కువ సమాచారం నుంచి ఈ క్రమాన్ని పసిగట్టడం గొప్ప విషయం.

2.5 ప్రమాణాల దూరాన్ని తీసుకుందాం. అక్కడ తిరిగే రాయి సూర్యుడిని 3.95 ఏళ్లలో చుట్టి వస్తుంది. గురుగ్రహానికి 11.86 ఏళ్లు పడుతుంది. అంటే గ్రహం ఒక చుట్టు తిరిగేసరికి రాయి సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది. అందువల్ల ఇద్దరూ ఆరేళ్లకోసారి ఎదురవుతారు, అదీ కక్ష్యలో ఎదురెదురుగా ఉన్న రెండు చోట్లనే. ఎదురైన ఆ క్షణంలో కూడా గురుగ్రహం లాగుడు సూర్యుడి లాగుడులో 1,200వ వంతే ఉంటుంది. కానీ ప్రతిసారీ అదే చోట పడటం వల్ల ఆ ప్రభావం చెదిరిపోకుండా కూడుతూ పోతుంది. సరైన సమయానికి వేలితో నెడుతూ ఉంటే బరువైన ఊయల కూడా ఎత్తుకు వెళ్తుంది కదా, ఇదీ అలాంటిదే. దీన్నే అనునాదం అంటారు. మిగతా దూరాల్లో లాగుడు ఒక్కోసారి ఒక్కో చోట పడి, కాలక్రమంలో ఒకదాన్నొకటి కొట్టేస్తుంది.

అయితే అనునాదం ఉన్నంత మాత్రాన ఖాళీ ఎందుకు ఏర్పడాలన్నది వందేళ్లకు పైగా తేలలేదు. 1980ల మొదట్లో జాక్ విజ్‌డమ్ కంప్యూటర్ లెక్కలతో దారి చూపించాడు. 2.5 దగ్గరి రాయి కక్ష్య లక్ష ఏళ్లపాటు గుండ్రంగా, ప్రశాంతంగా ఉండి, ఉన్నట్టుండి కోలగా సాగిపోతుంది. అప్పుడు అది అంగారకుడి దారిని తాకుతుంది. మరికొంత సాగితే భూమి దారినీ దాటుతుంది. తర్వాతి పరిశోధనల్లో ఇంకో సంగతి బయటపడింది: ఇలా సాగిపోయిన రాళ్లలో చాలావాటి గమ్యం ఏ గ్రహమూ కాదు, సూర్యుడే. కొన్ని పదుల లక్షల ఏళ్లలో అవి నేరుగా సూర్యుడిలో పడిపోతాయి.

ఫోటో తీస్తే ఈ ఖాళీలు కనిపిస్తాయా?

కనిపించవు. గ్రహశకలాల కక్ష్యలు కోలగా ఉంటాయి కాబట్టి, ఏ క్షణంలో చూసినా ఇతర దూరాలకు చెందిన రాళ్లు ఆ చోటు దాటుతూనే ఉంటాయి. ఖాళీ ఉండేది సగటు దూరాల పట్టికలో.

ఖాళీలు ఎప్పుడో ఏర్పడి ఉంటే, ఇప్పటికీ రాళ్లు ఎలా వస్తున్నాయి?

ఎండ వల్ల. గ్రహశకలం ఎండలో వేడెక్కి, తిరుగుతూ ఆ వేడిని అంతరిక్షంలోకి వదులుతుంది. ఉదయపు వైపు కన్నా సాయంత్రపు వైపు ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి ఆ వేడి వెళ్లే దిశ ఒక పక్కకు మొగ్గుతుంది, దాంతో రాయికి అతి స్వల్పమైన తోపు తగులుతుంది. దీన్ని యార్కోవ్‌స్కీ ప్రభావం అంటారు. చిన్న రాళ్ల మీద ఇది ఎక్కువగా పనిచేస్తుంది. కోట్ల ఏళ్లలో ఆ తోపు రాయిని మెల్లగా జరిపి అనునాదం అంచుకు చేరుస్తుంది. అక్కడి నుంచి పని గురుగ్రహానిది.

అనునాదం అంటే ఎప్పుడూ తరిమేయడమేనా?

కాదు. అదే అనునాదం కొన్నిచోట్ల కాపాడుతుంది. 3.97 ప్రమాణాల దూరంలో హిల్డా గుంపు ఉంది. అవి మూడు చుట్లు తిరిగేసరికి గురుగ్రహం రెండు చుట్లు తిరుగుతుంది. కానీ వాటి కక్ష్యల అమరిక ఎలా ఉంటుందంటే, గురుగ్రహం పక్కకు వచ్చే సమయానికి అవి సూర్యుడికి దగ్గరగా, గ్రహానికి దూరంగా ఉంటాయి. సూర్యుడికి దూరంగా వెళ్లినప్పుడు గురుగ్రహం అక్కడ ఉండదు.

గురుగ్రహం కక్ష్యలోనే తిరిగే ట్రోజన్ గ్రహశకలాలది ఇంకా విచిత్రమైన సంగతి. గ్రహానికి 60 డిగ్రీలు ముందు ఒక గుంపు, 60 డిగ్రీలు వెనుక మరొక గుంపు నడుస్తాయి. అలాంటి చోట్లు ఉండాలని జోసెఫ్ లగ్రాంజ్ 1772లోనే గణితంతో చూపించాడు. మొదటి ట్రోజన్‌ను, అకిలీస్‌ను, జర్మనీలో మాక్స్ వోల్ఫ్ 1906లో కనుక్కున్నాడు. ఇప్పుడు తెలిసినవి పది వేలు దాటాయి. అవి ఆ బిందువుల దగ్గర కదలకుండా ఉండవు, సుమారు 150 ఏళ్లకోసారి ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటాయి. వాటిని దగ్గరగా చూడటానికి నాసా లూసీ వ్యోమనౌకను 2021 అక్టోబరులో పంపింది.

గురుగ్రహం మీదే పడిపోయినవి ఉన్నాయా?

షూమేకర్–లెవీ 9 అనే తోకచుక్క. కారొలిన్, యూజీన్ షూమేకర్ దంపతులు, డేవిడ్ లెవీ 1993 మార్చిలో అమెరికాలోని పాలోమర్ వేధశాల నుంచి దాన్ని కనుక్కున్నారు. చూసేసరికే అది ముక్కల వరుసగా ఉంది. కక్ష్య లెక్కకట్టాక అది సూర్యుడి చుట్టూ కాదు, గురుగ్రహం చుట్టూ తిరుగుతోందని తెలిసింది. దశాబ్దాల కిందటే గ్రహం దాన్ని పట్టుకుంది. 1992 జులైలో మరీ దగ్గరగా వెళ్లినప్పుడు, దగ్గరి వైపు లాగుడికీ దూరపు వైపు లాగుడికీ ఉన్న తేడాకు తట్టుకోలేక విడిపోయింది. 1994 జులై 16 నుంచి 22 వరకు ఆ ముక్కలు ఒకదాని వెంట ఒకటి సెకనుకు 60 కిలోమీటర్ల వేగంతో గ్రహం మీద పడ్డాయి. జి అని పేరు పెట్టిన ముక్క మిగిల్చిన నల్లని మచ్చ వెడల్పు దాదాపు భూమి అంత ఉంది. చిన్న టెలిస్కోపులో కూడా అవి కనిపించాయి.

అయితే గురుగ్రహం భూమికి రక్షణ కవచమేనా?

ఈ ప్రశ్న అన్నిటికన్నా ఎక్కువగా వస్తుంది. నా జవాబు: ఆ మాటలో ఒక భాగమే నిజం. ఆ భాగాన్నే మొత్తం అనుకోవడం సరికాదు.

ఈ భావనకు బలమైన ఆధారం 1994లో జార్జ్ వెథరిల్ చేసిన లెక్కల నుంచి వచ్చింది. ఊర్ట్ మేఘం నుంచి, అంటే సౌరకుటుంబపు దూరపు అంచుల నుంచి వచ్చే తోకచుక్కలను గురుగ్రహం, శని బయటికి విసిరేస్తాయి. అంత భారీ గ్రహాలు లేకపోతే భూమి మీద పడే తోకచుక్కలు ఎన్నో రెట్లు ఎక్కువయ్యేవని ఆయన చూపించాడు. ఆ ఒక్క రకం తోకచుక్కల వరకు ఇది సరే.

కానీ భూమికి దగ్గరగా వచ్చేవాటిలో ఎక్కువ భాగం అవి కావు. గ్రహశకలాలే ఎక్కువ, వాటి తర్వాత చిన్న కక్ష్యల తోకచుక్కలు. ఈ రెండింటినీ లోపలికి పంపేది గురుగ్రహమే. జోంటీ హార్నర్, బ్యారీ జోన్స్ 2008 నుంచి వరుసగా చేసిన కంప్యూటర్ లెక్కల్లో గురుగ్రహం ద్రవ్యరాశిని తగ్గిస్తూ, పెంచుతూ చూశారు. ఫలితం ఎవరూ ఊహించనిది. గ్రహం అసలు లేకపోతే భూమి మీద దెబ్బలు తక్కువ. ఇప్పుడున్నంత పెద్దదైతే ఒక మోస్తరు. అన్నిటికన్నా ప్రమాదకరం ఈ రెంటికీ మధ్య, ఇప్పటి ద్రవ్యరాశిలో ఐదో వంతు దగ్గర ఉండే గ్రహం. అలాంటి గ్రహానికి రాళ్లను లోపలికి మళ్లించే శక్తి ఉంటుంది గానీ, వచ్చినవాటిని త్వరగా బయటికి విసిరేసే శక్తి చాలదు.

గురుగ్రహానికి మన మీద ప్రేమా లేదు, పగా లేదు. అది రాళ్లను అటూ ఇటూ విసురుతుంది. మన వాటాకు ఎన్ని వస్తాయన్నది దాని ద్రవ్యరాశి, దూరం, ఎదురుగా ఉన్న రాళ్ల రకం కలిసి నిర్ణయిస్తాయి. పిల్లలకు చెప్పేటప్పుడైనా కవచం అన్న మాట మానేసి ఇదే చెప్పాలని నేను కోరుకుంటాను. నిజం కవచం కన్నా ఆసక్తికరమైనది.

కక్ష్య పూర్తిగా మారిపోతే అది పాత తోకచుక్కే అని ఎలా గుర్తుపడతారు?

19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ ఖగోళవేత్త ఫెలిక్స్ టిసెరాండ్ ఒక సూత్రం ఇచ్చాడు. కక్ష్య పరిమాణం, కోలదనం, వాలు ఈ మూడూ ఎదురుపాటులో మారినా, వాటిని ఒక పద్ధతిలో కలిపితే వచ్చే సంఖ్య దాదాపు మారదు. రెండు వేర్వేరు కాలాల్లో చూసిన తోకచుక్కలకు ఆ సంఖ్య ఒకటే అయితే, అవి ఒకటే కావచ్చని అనుమానించి తర్వాత పూర్తి లెక్క వేస్తారు. ఇప్పుడు ఆ సంఖ్య వర్గీకరణకు కూడా పనికొస్తోంది. 2కీ 3కీ మధ్య ఉంటే గురుగ్రహ కుటుంబపు తోకచుక్క అంటారు. గ్రహశకలాలకు సాధారణంగా 3 కన్నా ఎక్కువ ఉంటుంది.

ఇన్ని లెక్కలు తెలిశాక, ఏ రాయి ఎటు వెళ్తుందో ఎప్పటికైనా చెప్పగలమా?

కొన్ని దశాబ్దాలకు, కొన్నిటి విషయంలో శతాబ్దాలకు బాగా చెప్పగలం. అంతకు మించి కష్టం. కారణం కంప్యూటర్లు చాలకపోవడం కాదు. దగ్గరి ఎదురుపాటు ప్రతి చిన్న తేడానూ పెద్దది చేస్తుంది. గ్రహానికి ముందు కొన్ని వేల కిలోమీటర్ల తేడాతో దాటిన రెండు రాళ్లు, కొన్నేళ్ల తర్వాత కోట్ల కిలోమీటర్ల ఎడంలో ఉంటాయి. 19వ శతాబ్దంలో ఉర్బెయిన్ లెవెరియే లెక్సెల్ తోకచుక్క కోసం వెతుకుతూ ఈ గోడకే వచ్చి ఆగాడు. 1770 నాటి పరిశీలనల్లో ఉన్న కొద్దిపాటి అనిశ్చితి 1779 తర్వాత ఒక కక్ష్యను కాదు, కక్ష్యల సమూహాన్నే ఇచ్చింది. అందుకే నేటి శాస్త్రవేత్తలు ఒక రాయికి బదులు దాని వేలాది నకళ్లను స్వల్ప తేడాలతో నడిపించి, ఎన్ని ఎటు వెళ్లాయో లెక్కిస్తారు. జవాబు సంభావ్యతగా వస్తుంది.

మిగతా పెద్ద గ్రహాలు ఏమీ చేయవా?

చేస్తాయి. గ్రహశకలాల వలయపు లోపలి అంచును, 2.1 ప్రమాణాల దగ్గర, కోసేది శని. అక్కడి రాళ్ల కక్ష్యలు నెమ్మదిగా తిరిగే రేటు శని కక్ష్య తిరిగే రేటుతో సరిపోయి, కోలదనం పెరుగుతుంది. భూమి చుట్టుపక్కలకు రాళ్లు చేరే ముఖ్యమైన దారుల్లో ఇది ఒకటి. ఇక నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేసరికి ప్లూటో రెండు చుట్లు తిరుగుతుంది. వాటి దారులు పైనుంచి చూస్తే అడ్డంగా కలిసినట్టు కనిపించినా, ఆ అనునాదం వల్ల రెండూ ఎప్పుడూ దగ్గరికి రావు.

వ్యోమనౌకలు దీన్ని వాడుకుంటాయా?

వాడుకుంటాయి, అదే భౌతికశాస్త్రంతో. 1979లో వాయేజర్లు రెండూ గురుగ్రహం దగ్గర వేగం పుంజుకునే శనిని చేరాయి. న్యూ హొరైజన్స్ 2007 ఫిబ్రవరిలో సెకనుకు దాదాపు 4 కిలోమీటర్లు అదనంగా సంపాదించింది. యులిసిస్ 1992లో వేగం కోసం కాదు, దిశ కోసం వెళ్లింది. గురుగ్రహం దాన్ని గ్రహాలు తిరిగే తలం నుంచి సుమారు 80 డిగ్రీల వాలుకు తిప్పి, సూర్యుడి ధ్రువాల మీదకు పంపింది.

గురుగ్రహం రేపు ఒక రాయిని మన మీదకు విసరగలదా?

గ్రహశకలాల విషయంలో అంత తొందర లేదు. అనునాదం దారి మార్చడానికి పట్టే కాలం లక్షల ఏళ్లలో ఉంటుంది. తోకచుక్కల విషయంలో మాత్రం కాలం తక్కువే. గురుగ్రహం దగ్గర నుంచి భూమి కక్ష్య దాకా పడే వస్తువుకు పట్టేది మూడేళ్ల లోపు. లెక్సెల్ తోకచుక్క అలాగే వచ్చింది. అందుకే ఒక్కసారి లెక్కకట్టి వదిలేస్తే సరిపోదు. గురుగ్రహం దగ్గరికి వెళ్లొచ్చిన ప్రతి తోకచుక్కను మళ్లీ చూసి, కొత్త కక్ష్య రాసుకోవాలి.

ఇవన్నీ మామూలు మనుషులు చూడగలరా?

గురుగ్రహం మీద పడే దెబ్బలను చూడగలరు. 2009 జులై 19న ఆస్ట్రేలియాకు చెందిన ఔత్సాహిక పరిశీలకుడు ఆంథొనీ వెస్లీ తన సొంత టెలిస్కోపుతో దక్షిణ ధ్రువానికి దగ్గరలో కొత్త నల్ల మచ్చ చూసి ప్రపంచానికి చెప్పాడు. తర్వాతి ఏడాది జూన్‌లో అతనే గ్రహం మీద ఒక మెరుపును కూడా రికార్డు చేశాడు. గురుగ్రహాన్ని చిత్రీకరించేవారు ఒక్కో ఫోటో కాకుండా వీడియో తీసి దాచుకుంటే మంచిది. మెరుపు ఒకటి రెండు సెకన్లే ఉంటుంది, మచ్చ మాత్రం రోజుల తరబడి నిలుస్తుంది. కొత్త మచ్చ కనిపిస్తే అది ఏదైనా ఉపగ్రహం నీడేమో ముందు సరిచూసుకోవాలి. నీడ కొన్ని గంటల్లో గ్రహం ముఖం దాటిపోతుంది. మచ్చైతే గ్రహంతో పాటే తిరిగి, పది గంటల తర్వాత మళ్లీ అదే చోటికి వస్తుంది.